సిలికాన్ చిప్పులోకి వెలుగు ఎక్కించిన లెక్కలు: భీమవరం బెంచీ డైరీ

ఫైబర్‌ని దానంతటదే గురిచూసి అమర్చే ఆటోమేటిక్ అలైన్‌మెంట్ యంత్రం కొనే స్తోమత లేని కాలేజీ ల్యాబులో సిలికాన్ ఫోటానిక్స్ చిప్పుకి (కరెంటు బదులు వెలుగుని నడిపించే సిలికాన్ చిప్పుకి) ఫైబర్ కలపాలనుకునేవాళ్ళ కోసం ఈ డైరీ. చిప్పు ఎలా సంపాదించాం, గ్రాంటు ఎవరిచ్చారు లాంటివి వదిలేశాను. ఎక్కడ ఎంత వెలుగు పోయింది, ఏది మారిస్తే ఎంత తిరిగొచ్చింది, అదే రాశాను. రెండో మెట్టు నుంచి అయిదో మెట్టు దాకా ‘ఇప్పటిదాకా లెక్క’ అని ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్ళు అవి చదువుకుంటే చాలు.

సమస్య రెండు ముక్కల్లో. మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1550 నానోమీటర్ల వెలుగు పరుచుకునే వ్యాసం 10.4 మైక్రాన్లు. మా చిప్పు మీద వేవ్‌గైడ్ (వెలుగు నడిచే సన్నని సిలికాన్ దారి) వెడల్పు 500 నానోమీటర్లు, అంటే అర మైక్రాన్, ఎత్తు 220. ఈ రెండిటినీ ఎదురెదురుగా ఆనిస్తే నూటికి ఒక పాలు కూడా లోపలికి పోదు. అందుకని రెండు దారులు వాడతారు. ఒకటి చిప్పు మీద చెక్కిన సన్న గీతల వరస (గ్రేటింగ్) ద్వారా పైనుంచి దింపే గ్రేటింగ్ కప్లర్. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో వేసిన పేపరుతో ఇది అందరికీ తెలిసింది. రెండోది పక్కనుంచి తోసే ఎడ్జ్ కప్లర్. వేవ్‌గైడ్ కొసని సూదిలా సన్నం చేస్తే వెలుగు బయటికి ఉబ్బుతుందని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2003లో చూపించిన ఇన్వర్స్ టేపర్ దీనికి మూలం. మేము మొదటిదాన్నే ఎక్కువ నమ్ముకున్నాం. కారణం ఆరో మెట్టులో తెలుస్తుంది.

మెట్టు 1: బెంచీ

ల్యాబు కింది అంతస్తులోనే, కాలువ గట్టు రోడ్డుకి దగ్గర్లో. అసలు ఆప్టికల్ టేబుల్ లేదు. వాడిన సామాను ఇది:

1. వంటగట్టు కోసం కోయగా మిగిలిన నల్ల గ్రానైట్ పలకలు రెండు, ఒకదాని మీద ఒకటి అతికించినవి. కింద స్కూటర్ ట్యూబులు, సగం గాలితో.
2. చేత్తో తిప్పే మూడు దిక్కుల స్టేజీలు రెండు. మైక్రోమీటరు మీద ఒక గీత 10 మైక్రాన్లు. ఓపిగ్గా తిప్పితే గీతలో అయిదో వంతు, అంటే 2 మైక్రాన్ల దాకా పట్టుకోవచ్చు.
3. వెలుగు కోసం ట్యూనబుల్ (తరంగదైర్ఘ్యం మార్చుకోగల) ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ లేజరు మాడ్యూల్. టెలికాం వాళ్ళు వాడేదే. సుమారు 1528 నుంచి 1566 నానోమీటర్ల దాకా, 50 గిగాహెర్ట్‌జ్ చొప్పున, అంటే 0.4 నానోమీటరు అడుగులతో మారుతుంది. ల్యాబ్ ట్యూనబుల్ లేజర్ ధరతో పోలిస్తే ఇది చిల్లర.
4. ఇంటింటికీ ఫైబర్ లాగేవాళ్ళు చేతిలో పట్టుకు తిరిగే పవర్ మీటరు. సంపూర్ణ విలువ కాస్త అటూ ఇటూ ఉన్నా మనం చూసేది తేడాలే కాబట్టి పర్వాలేదు.
5. మొబైల్ రిపేరు షాపుల్లో ఉండే మైక్రోస్కోపు.
6. మూడు చక్రాల పోలరైజేషన్ కంట్రోలర్ (వెలుగు తరంగం ఊగే దిక్కుని మార్చేది), మంచి క్లీవర్ (ఫైబర్ కొసని తిన్నగా తెంపేది), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని తుడుపు కాగితం.

చిప్పు మీద పరీక్ష కోసం లూపులున్నాయి: ఒక గ్రేటింగ్‌లో వెలుగు దిగి, 1 మిల్లీమీటరు వేవ్‌గైడ్ నడిచి, ఇంకో గ్రేటింగ్‌లోంచి పైకి వస్తుంది. గ్రేటింగ్ పీరియడ్ (గీత నుంచి గీతకి దూరం) 630 నానోమీటర్లు, చెక్కిన లోతు 70, గాల్లో ఫైబర్ వాలు 8 డిగ్రీలకని డిజైను చేసింది.

లేజర్‌ని ప్యాచ్ కార్డుతో నేరుగా మీటరుకి కలిపి ఆ రీడింగుని సున్నా అనుకున్నాం. ఇక మీదట రాసే డీబీ (డెసిబెల్) అంకెలన్నీ దాని కింద ఎంత అని: 3 పోతే వెలుగు సగమైనట్టు, 10 పోతే పదో వంతే మిగిలినట్టు.

మెట్టు 2: మొదటి వెలుగు

1550 కంటికి కనిపించదు. ఫోన్ కెమెరాకీ కనిపించదు, దాని సెన్సరు కూడా సిలికానే, సిలికాన్ ఈ వెలుగుని పీల్చుకోదు. ఫైబర్ ఎక్కడ గురిపెట్టి ఉందో తెలియకుండా 10 మైక్రాన్ల చుక్కని వెతకడం వృథా. లైన్‌మెన్ తెగిన చోటు కనిపెట్టడానికి వాడే ఎర్ర లేజర్ పెన్ను ఇక్కడ బాగా పనికొచ్చింది. ఎరుపు సిలికాన్‌లోంచి పోదు, కానీ చిప్పు మీద ఎక్కడ పడుతోందో మైక్రోస్కోపులో తెలిసిపోతుంది. గ్రేటింగ్ గీతల మీద పడగానే చుక్క ఒక్కసారి తళుక్కుమంటుంది.

వరస ఇది:

1. రెండు ఫైబర్లకీ ఎర్ర పెన్ను పెట్టి, రెండు చుక్కల్నీ లూపు రెండు కొసల మీదికి తేవాలి.
2. ఎరుపు తీసి, ఒకవైపు లేజరు, రెండోవైపు మీటరు కలపాలి. ఈ సమయంలో స్టేజీ ముట్టుకోవద్దు.
3. మీటరులో ఏ కొంచెం కదలిక కనిపించినా, ఒక స్టేజీ ఒక దిక్కు మాత్రమే తిప్పుతూ పైకి తేవాలి. రెండు చేతులూ రెండు స్టేజీల మీద పెడితే గంటలు పోతాయి.

ఫైబర్ కొస ఎత్తు గురించి ఒక మాట. 8 డిగ్రీలు వాల్చిన ఫైబర్‌ని ఎంత కిందికి దింపినా కోర్ (వెలుగు నడిచే మధ్య భాగం) చిప్పుని తాకదు. 125 మైక్రాన్ల గాజులో ముందు అంచు తగులుతుంది. సగం వ్యాసం 62.5ని 8 డిగ్రీల సైనుతో గుణిస్తే దాదాపు 9 మైక్రాన్లు. అంతకంటే దగ్గరికి తేవాలని నొక్కితే గ్రేటింగ్ గీసుకుపోతుంది. ఒక లూపు అలాగే పోయింది.

ఇప్పటిదాకా లెక్క: తొలి కదలిక −38 డీబీ. అడ్డంగా, నిలువుగా సరిచేశాక −22.1 డీబీ.

మెట్టు 3: ఒక్కొక్క నష్టాన్నీ విడదీయడం

−22 చూడగానే చిప్పు పాడైందనుకోవడం సులభం. చిప్పుని అనుమానించే ముందు బయటి నాలుగూ చూడాలి.

*కనెక్టర్లు.* మా ఊళ్ళో దొరికే ప్యాచ్ కార్డుల్లో కేబుల్ టీవీ వాళ్ళవి ఆకుపచ్చ కొసవి, ఇంటర్నెట్ వాళ్ళవి నీలం కొసవి. ఆకుపచ్చ కొస 8 డిగ్రీల వాలుతో అరగదీసి ఉంటుంది, నీలంది తిన్నగా. అడాప్టరులో రెండూ దూరతాయి, టక్కుమని కూర్చుంటాయి కూడా. కానీ మధ్యలో గాలి సందు మిగిలిపోతుంది. అలాంటి జోడు ఒకటి మా వరసలో ఉంది. అన్నీ ఆకుపచ్చే పెట్టి, తుడిచి కలిపితే 3.4 డీబీ తిరిగొచ్చింది. ఇప్పటిదాకా లెక్క: −18.7.

*పోలరైజేషన్.* ఈ గ్రేటింగ్ ఒక్క టీఈ పోలరైజేషన్‌నే (తరంగం చిప్పు తలానికి సమాంతరంగా ఊగేదాన్నే) తీసుకుంటుంది. మామూలు ఫైబర్‌లో పోలరైజేషన్ ఎటు తిరిగి ఉంటుందో ఫైబర్ వంపుల్ని బట్టి ఉంటుంది. చక్రాలు మూడూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ గరిష్ఠం పట్టాలి, రెండు చుట్లు. తర్వాత చిప్పు దాకా ఫైబర్ మొత్తాన్ని గ్రానైటు మీద టేపుతో అంటించేయాలి. ఎవరి మోచెయ్యి తగిలి ఫైబర్ కదిలినా మళ్ళీ మొదటికి. వచ్చింది 6.7 డీబీ. ఇప్పటిదాకా లెక్క: −12.0.

*వాలు.* ఇదే అన్నిటికంటే ఎక్కువ నేర్పింది. లేజరు తరంగదైర్ఘ్యం మారుస్తూ గీస్తే శిఖరం కనపడలేదు. 1528 దగ్గర ఎక్కువ, అక్కణ్ణుంచి దిగుడే. శిఖరం మా లేజరుకి అందే అంచున కూర్చుందన్నమాట. ఫైబర్ వాలు పెరిగితే శిఖరం పొట్టి తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. 220 నానోమీటర్ల సిలికాన్‌లో ఈ రకం గ్రేటింగుకి లెక్క కడితే డిగ్రీకి సుమారు 7 నానోమీటర్లు. మా కొలతలు: 10 డిగ్రీల దగ్గర 1535, 9 దగ్గర 1543, 8 దగ్గర 1550. అంటే మొదట్లో ఫైబర్ 11 దగ్గర ఉండేది. స్టేజీ బ్రాకెట్టు మీద 8 అని గీత ఉన్నా ఆ బ్రాకెట్టు కూర్చున్న పలకే వంకర. పక్కనుంచి ఫోటో తీసి కోణం కొలిస్తే అర డిగ్రీ అటూ ఇటూ తేడా వస్తుంది. దానికన్నా శిఖరం ఎక్కడుందో చూడటమే అసలైన కోణమానిని. వచ్చింది 2.4 డీబీ. ఇప్పటిదాకా లెక్క: −9.6.

*ఎత్తు.* ఫైబర్ కొస చిప్పుకి 60 మైక్రాన్ల ఎత్తున ఉంది. 20కి దింపితే కప్లర్‌కి 1 డీబీ చొప్పున వచ్చింది. ఇప్పటిదాకా లెక్క: −7.6. వేవ్‌గైడ్‌లో పోయే 0.2 తీసేస్తే ఒక్కో కప్లర్‌కి 3.7.

ఈ అంకె ఇంకా తగ్గదా అని అడుగుతారు. అడ్డుపడేవి రెండున్నాయి. గ్రేటింగ్ వెలుగుని పైకొక్కటే చిమ్మదు, చాలా భాగం కింది పొరల్లోకి పోతుంది. పైకి వచ్చింది కూడా మొదట దట్టంగా, చివరికి పల్చగా వస్తుంది. ఫైబర్ మోడ్ (ఫైబర్‌లో వెలుగు పరుచుకునే ఆకారం) మాత్రం మధ్యలో దట్టం. పీరియడ్ అంతటా ఒకేలా ఉన్న గ్రేటింగుకి ఈ ఆకారాల పొత్తు 80 శాతం దాటదు. గీతల వెడల్పుని క్రమంగా మార్చి, కింద అద్దం పెట్టి 1 డీబీ లోపుకి తెచ్చినవాళ్ళున్నారు. అది ఫౌండ్రీలో (చిప్పులు తయారుచేసే కర్మాగారంలో) చేసే పని, మా బెంచీ మీద చేసేది కాదు.

ఒక దొంగ అల గురించి కూడా రాసుకోవాలి. స్పెక్ట్రమ్‌లో (తరంగదైర్ఘ్యం మారుస్తూ గీసిన గీతలో) దాదాపు 1 నానోమీటరుకొకసారి లేచి పడే చిన్న అల కనిపించింది, పావు డీబీ అటూ ఇటూ. ఫైబర్‌కీ చిప్పుకీ మధ్య సందు వల్ల అనుకుని ఎత్తు మార్చి చూశాం. కదల్లేదు. 20 మైక్రాన్ల సందుకైతే అల 60 నానోమీటర్లకొకటి రావాలి మరి. రెండు గ్రేటింగుల మధ్య అటూ ఇటూ కొట్టుకునే వెలుగుకి లెక్క కడితే, గ్రూప్ ఇండెక్స్ (వేవ్‌గైడ్‌లో వెలుగు ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 4.2, పొడవు 1 మిల్లీమీటరు, అల దూరం 0.29 నానోమీటరు వచ్చింది. 0.29 అలని 0.4 అడుగులతో కొలిస్తే లేని 1 నానోమీటరు అల కనపడటం లెక్క ప్రకారం సరిగ్గా కుదురుతుంది. ఇది మా లేజరు అడుగుల పరిమితి. ఇరుగుపొరుగు చుక్కల సగటు తీసుకుని ముందుకెళ్ళాం.

మెట్టు 4: నిలకడ

ఉదయం −7.6 ఉన్నది మధ్యాహ్నం −9.6 అయ్యేది. మళ్ళీ దానంతటదే తిరిగొచ్చేది. చాలా రోజులు జిగురు, టేపు, పోలరైజేషన్ అన్నిటినీ తిట్టుకున్నాం. మీటరు పక్కన ఒక థర్మామీటరు పెట్టి రెండూ రాసుకుంటూ పోతే దొంగ దొరికాడు. ఏసీ ఆగినప్పుడు 27, తిరిగినప్పుడు 24. ఫైబర్ పట్టుకున్న అల్యూమినియం చెయ్యి పొడవు 80 మిల్లీమీటర్లు. అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 పాళ్ళు సాగుతుంది. 3 డిగ్రీలకి 5.5 మైక్రాన్లు. కింద గ్రానైటు కూడా కాస్త సాగి కొంత సర్దినా నికరంగా 4 మైక్రాన్ల దాకా మిగులుతుంది. ఫైబర్ మోడ్ వ్యాసార్ధం 5.2 మైక్రాన్లు. నష్టం డీబీల్లో కావాలంటే జరిగిన దూరాన్ని ఈ వ్యాసార్ధంతో భాగించి, వర్గం చేసి, 4.34తో గుణించాలి. 2 డీబీ పైచిలుకు వస్తుంది. మాకు కనిపించిందీ అంతే.

మార్పు: చేతిని 25 మిల్లీమీటర్లకి కోయించాం. ఊళ్ళో లేత్ షాపులో పని. ఊగు 0.2 డీబీకి పడిపోయింది. కొలిచేటప్పుడు ఏసీ, ఫ్యాను రెండూ ఆపడం రెండో మార్పు. మే నెలలో భీమవరంలో ఈ మాట పిల్లలకి చెప్పడం అంత తేలిక కాదు.

ఫ్యాను సంగతి ఎందుకంటే, హోల్డరు బయటికి వేలాడే ఉత్త ఫైబర్ ముక్క 20 మిల్లీమీటర్లుంటే దాని సొంత ఊపు సెకనుకి 250 సార్లు. గాలి తగిలితే సన్నగా వణుకుతుంది. 8 మిల్లీమీటర్లకి తగ్గిస్తే 1500 పైన, ఇక గాలి దాన్ని కదిలించలేదు.

లారీలది వేరే కథ. మాది మెత్తని బంకమట్టి నేల. చేపల లోడ్లు రాత్రిపూటే బెంగాలు వైపు కదులుతాయి, పగలు రొయ్యల మేత లారీలు. ఒక లోడు లారీ గేటు ముందు వెళితే మీటరు 0.6 డీబీ ఎగిరిపడేది. ఫోన్ యాక్సిలరోమీటరుతో చూస్తే కుదుపు సెకనుకి పది సార్ల చుట్టుపక్కల ఉంది. ట్యూబుల్లో గాలి నిండుగా ఉన్నప్పుడు ఏ తేడా లేదు, పలక రాయిలాగే ఉంది. గాలి సగానికి వదిలి, పలకని చేత్తో నొక్కితే నెమ్మదిగా సెకనుకి మూడు సార్లు ఊగేలా పెట్టాక కుదుపు 0.1 డీబీకి దిగింది. ట్యూబు గాలి వారానికోసారి చూసుకోవాలి, మెల్లగా దిగుతుంది.

ఇంకొకటి ఏ పుస్తకంలోనూ దొరకదు. వరి పొట్ట మీదున్న రోజుల్లో రాత్రి మైక్రోస్కోపు రింగు లైటుకి పచ్చదోమ వచ్చి వాలుతుంది. ఫైబర్ మీద వాలిన దోమ 3 డీబీ తీసేసింది. కిటికీలకి దోమతెర, లైటుకి నారింజ రంగు జిలేటిన్ కాగితం వేశాం. తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇప్పటిదాకా లెక్క: −7.6, ఊగు 0.3 లోపు.

మెట్టు 5: జిగురు

ఎంత బాగా అమర్చినా జిగురు పెట్టి గట్టిపరచకపోతే చిప్పుని ఇంకో గదికి తీసుకెళ్ళలేం. వాడింది గట్టిపడ్డాక వక్రీభవన సూచిక సుమారు 1.5 ఉండే యూవీ జిగురు, 365 నానోమీటర్ల వెలుగుకి గట్టిపడేది.

దీపం దగ్గరే మొదటి ఎదురుదెబ్బ. పళ్ళ డాక్టరు దగ్గరి క్యూరింగ్ లైటు అడిగి తెచ్చాం. ఎంతసేపు కొట్టినా జిగురు తేనెలాగే ఉంది. పంటి సిమెంటు గట్టిపడేది 460 దగ్గరి నీలం వెలుగుకి, ఆ దీపంలో 365 లేనే లేదు. తర్వాత 365 ఎల్‌ఈడీ టార్చి కొన్నాం. కొనేటప్పుడు అంకె చూసి కొనండి, 395వి కూడా అదే పేరుతో అమ్ముతారు.

అసలు దెబ్బ రెండోది. జిగురు బొట్టు పెట్టగానే, ఇంకా గట్టిపడకముందే, 1550 దగ్గర 4 డీబీ పైన పోయింది. ఫైబర్ కదల్లేదు. స్పెక్ట్రమ్ గీస్తే మళ్ళీ శిఖరం మాయం, అంతా దిగుడే. కారణం ఇలా ఉంది. గ్రేటింగుకి కావలసింది కోణం ఒక్కటే కాదు, కోణం సైనుని ఆ మాధ్యమం సూచికతో గుణించగా వచ్చే విలువ. గాల్లో 8 డిగ్రీలకి అది 0.139. అదే 8 డిగ్రీలు జిగురులో అయితే 0.209. ఆ తేడా శిఖరాన్ని 30 నానోమీటర్లు పొట్టివైపు నెట్టి 1520కి తీసుకెళ్ళింది. మా లేజరు అక్కడికి అందదు.

సరిచేసిన తీరు:

1. ఫైబర్ వాలు 5.3 డిగ్రీలకి తగ్గించాం. 1.5తో గుణిస్తే మళ్ళీ 0.139.
2. గాల్లోనే ముందుగా ఆ వాలుకి శిఖరం ఎక్కడుండాలో లెక్క కట్టుకున్నాం: 1570 దాకా. లేజరు అంచు దాకా ఎక్కుతూ పోతుంటే వాలు సరిగా ఉన్నట్టే.
3. జిగురు పెట్టాక శిఖరం 1549 దగ్గర నిలిచింది.

లాభం కూడా ఉంది. గాజుకీ గాలికీ మధ్య ప్రతి ముఖం దగ్గర మూడున్నర శాతం వెనక్కి పోయేది, జిగురు ఆ ముఖాల్ని కలిపేసింది. గట్టిపడకముందు −7.1.

గట్టిపడేటప్పుడు ఫైబర్ జరిగింది. ఈ జిగుళ్ళు గట్టిపడుతూ ముడుచుకుంటాయి. బొట్టు ఒకవైపు ఎక్కువుంటే ఫైబర్‌ని అటు లాగుతుంది. మొదటిసారి −7.9కి పడింది. తర్వాత పద్ధతి మార్చాం: బొట్టు రెండువైపులా సమానంగా, ముందు రెండేసి సెకన్ల వెలుగు, మధ్యలో మీటరు చూస్తూ స్టేజీ సర్దడం, జిగురు జెల్లీలా అయ్యేదాకా ఇదే వరస, చివర్లో పూర్తి వెలుగు. ఫైబర్ వెనుక భాగానికి చిన్న గాజు దిమ్మె అడుగున పెట్టి అక్కడా జిగురు. దిమ్మె లేకపోతే ఫైబర్ లాగినప్పుడు బరువంతా గ్రేటింగ్ మీద పడుతుంది. ఇప్పటిదాకా లెక్క, జిగురుతో: −7.2. కప్లర్‌కి 3.5.

ఇక్కడే ఫైబర్ అరే (వరసగా పేర్చిన ఫైబర్ల దిమ్మె) కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. నాలుగు ఫైబర్లు 127 మైక్రాన్ల దూరంతో గాజు గాడిలో పేర్చి, కొసలు 8 డిగ్రీలకి అరగదీసి అమ్ముతారు. ఆ 8, గాల్లో వేలాడే ఫైబర్ 8 ఒకటి కాదు. అరగదీసిన ముఖం చిప్పుకి సమాంతరంగా కూర్చుంటుంది కాబట్టి గాజులోపలే 8 డిగ్రీలుంటుంది. 1.45తో గుణిస్తే 0.202, గాల్లోకి వచ్చేసరికి 11.6 డిగ్రీలు. మా గ్రేటింగుకి అది 1523 దగ్గర శిఖరం. దీనికో మంచి గుణమూ ఉంది: ముఖం సమాంతరంగా ఉన్నంతకాలం మధ్యలో గాలున్నా జిగురున్నా శిఖరం కదలదు. విడి ఫైబర్‌తో పడ్డ ఆ 30 నానోమీటర్ల బాధ అరేతో ఉండదు. అరే ఆర్డరు పెట్టేముందు గ్రేటింగ్ ఏ కోణానికి, ఏ మాధ్యమంలో డిజైను చేశారో ఫౌండ్రీ కాగితంలో చూసుకోండి.

మెట్టు 6: పక్కనుంచి ప్రయత్నం

ఇంకో చిప్పు మీద ఇన్వర్స్ టేపర్లున్నాయి. కొస దగ్గర మోడ్ 3 మైక్రాన్లకి ఉబ్బుతుంది. కొసనే లెన్స్ ఉండి వెలుగుని 2.5 మైక్రాన్లకి కుదించే లెన్స్‌డ్ ఫైబర్ ఒకటి కొన్నాం. ఆకారం దాదాపు సరిపోతుంది. కానీ 1 డీబీ పోవడానికి ఎంత జరగాలో చూడండి: వ్యాసార్ధంలో 0.48 వంతు. గ్రేటింగ్ దగ్గర 2.5 మైక్రాన్లు, ఇక్కడ 0.6. మా మైక్రోమీటరు చేతికి అందేదే 2. ఇంకా సన్నగా జరిపే డిఫరెన్షియల్ మైక్రోమీటరు పెట్టాక ఒకసారి ముఖానికి 3.1 డీబీ దాకా చూశాం. లారీ పోతే 1.2 ఎగిరిపడింది. లెన్స్ పనిచేయాలంటే దాని ఎదుట గాలి ఉండాలి, అంటే జిగురు పెట్టలేం. చిప్పు అంచు రంపంతో కోసిందే, పాలిష్ లేదు. గరుకు ముఖం మీద గాల్లోంచి కొట్టిన వెలుగు చెదిరిపోతుంది. లెన్స్‌డ్ ఫైబర్ దారి వదిలేశాం.

దాని బదులు హై ఎన్‌ఏ ఫైబర్ (ఎక్కువ కోణంలో వచ్చే వెలుగునీ పట్టుకునేది) వాడాం. కోర్ చిన్నది, మోడ్ వ్యాసం 4 మైక్రాన్ల దగ్గర. లెక్కలో 3 మైక్రాన్లతో పొత్తుకి 0.35 డీబీ పోతుంది, లెన్స్‌డ్ దాని కంటే రెండు పదుల వంతు ఎక్కువ. కానీ తట్టుకునే జరుగుడు దాదాపు 1 మైక్రాన్‌కి పెరుగుతుంది, కొస తిన్నగా కోసినదే కాబట్టి ఇండెక్స్ జెల్ (వక్రీభవన సూచిక గాజుకి దగ్గరగా ఉండే జెల్) పెట్టొచ్చు. జెల్ గరుకు అంచుని నింపేస్తుంది. ఆ రెండు పదుల వంతు ఇచ్చి ఈ రెండూ కొనుక్కోవడం నాకు లాభంగానే కనిపించింది.

చిక్కల్లా దీన్ని మామూలు ఫైబర్‌కి స్ప్లైస్ చేయడంలో, అంటే కరిగించి అతకడంలో. 10.4ని 4కి తిన్నగా కలిపితే లెక్క ప్రకారం 3.5 డీబీ పోతుంది. కేబుల్ ఆఫీసులో స్ప్లైసింగ్ చేసే అబ్బాయిని మెషీన్‌తో సహా పిలిపించాం. మొదటి ఆర్క్ (గాజుని కరిగించే విద్యుత్ మెరుపు) కాగానే మెషీన్ తెర మీద 0.02 అని చూపించింది. అబ్బాయి స్లీవ్ తొడగబోయాడు.

“ఆగు బాబూ, మీటరు చూడు.”

“మెషీన్ 0.02 అంటోంది కదండీ?”

“అది గాజు బయటి అంచులు కలిశాయో లేదో చూసి చెప్పే అంచనా. లోపలి కోర్ల సైజులు వేరు. మీటరులో 2.2 ఉంది. ఇంకో ఆర్క్ ఇయ్యి.”

ఆర్క్ వేడికి చిన్న కోర్‌లోని జెర్మేనియం మెల్లగా చుట్టూ పాకి, కోర్ వెడల్పవుతుంది. ఆర్క్ ఆర్క్‌కీ మీటరు చదువుతూ పోయాం: 1.1, 0.6, 0.3.

“ఆయ్, ఇంకోటి ఇవ్వనాండి?”

ఇచ్చాడు. 0.5.

“ఎక్కువైందండి మాస్టారూ. 0.3 దగ్గరే ఆపేయాల్సింది.”

రెండో కొసకి అక్కడే ఆపేశాడు. మెషీన్‌లో ఆ ఆర్క్ సెట్టింగుని కొత్త ప్రోగ్రాముగా దాచుకుని వెళ్ళాడు. ఎక్కువైన స్ప్లైసు కోసి మళ్ళీ కట్టించాం. ఆ రోజు కూలీ కింద అబ్బాయి డబ్బు తీసుకోలేదు. చిప్పుని మైక్రోస్కోపులో చూపిస్తే చాలన్నాడు.

జెల్‌తో ముఖానికి 2.3, రెండు ముఖాలకి 4.6. స్ప్లైసులకి 0.6, వేవ్‌గైడ్‌కి 0.4. పక్కనుంచి లెక్క: −5.6. పైనుంచి జిగురుతో −7.2. అంకె చూస్తే పక్కదే మెరుగు, వెడల్పైన తరంగదైర్ఘ్యాల పట్టీ కూడా దీనిదే. అయినా విద్యార్థుల ప్రయోగాలకి గ్రేటింగే ఉంచాను. పక్కదాన్ని అమర్చడానికి పూటంతా పడుతుంది, గ్రేటింగుకి చెయ్యి తిరిగినవాడు టీ చల్లారేలోపు ముగిస్తాడు. చిప్పు మధ్యలో ఉన్న ఏ సర్క్యూట్‌నైనా కోయకుండానే పరీక్షించొచ్చు కూడా.

మెట్టు 7: వానాకాలం

జూలై, ఆగస్టుల్లో జిగురు పెట్టిన నమూనాలో నష్టం వారం వారం కాస్త పెరుగుతూ −7.2 నుంచి −7.8కి వచ్చింది. జిగురు తేమ పీలిస్తే ఉబ్బుతుంది. 60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచితే −7.3కి వచ్చింది. ఆ తర్వాత సిలికా జెల్ వేసిన మూత డబ్బాలోనే నిల్వ. కొత్త నమూనాలకి యూవీ కొట్టగానే 60 డిగ్రీల్లో ఆరబెట్టడం తప్పనిసరి చేశాం. వాటిలో ఈ పెరుగుదల 0.2 దాటలేదు.

జిగురు లేని చిప్పులకి మంచు సమస్య. ఏసీ 22లో పెట్టుకుని పనిచేస్తుంటే కరెంటు పోతుంది, తలుపు తెరుస్తారు. ఆగస్టులో మా వైపు గాలి 25, 26 డిగ్రీల దగ్గరే నీరు వదులుతుంది. చల్లగా ఉన్న చిప్పు మీద అద్దం మీద ఊపిరి ఊదినట్టు పొర కడుతుంది, మీటరు ఒక్కసారి పది డీబీ పడుతుంది. ఏసీని 27లో, డ్రై మోడ్‌లో పెట్టడంతో అది పోయింది. కరెంటు పోతే తలుపు తీయొద్దని తలుపు మీదే రాశాం. చెరువుల ఏరియేటర్లు ఒక్కసారిగా తిరిగే వేళల్లో వోల్టేజీ పడుతుంది కాబట్టి లేజరు, మీటరు మాత్రం ఇన్వర్టర్ మీద నడుస్తున్నాయి.

ఇప్పుడున్న స్థితి

లూపు మొత్తానికి, ఇక్కడిదాకా ఏది ఎంత ఇచ్చిందో:

1. కనెక్టర్లు: 3.4
2. పోలరైజేషన్: 6.7
3. వాలు: 2.4
4. ఎత్తు: 2.0
5. జిగురు, సరైన కోణంతో: 0.4
6. మొత్తం: −22.1 నుంచి −7.2కి, 14.9 డీబీ

ఈ 14.9లో చిప్పు మీద ఒక్క గీత కూడా మార్చలేదు. ఇక మిగిలిన 7.2లో తగ్గేది చిప్పు మీదే. తరవాతి మాస్కులో (ఫౌండ్రీకి పంపే చిప్పు డిజైనులో) నాలుగు ఫైబర్ల 8 డిగ్రీల అరేకి సరిపోయే గ్రేటింగులు అడుగుతున్నాం. 1550కి 0.202 కావాలంటే పీరియడ్ 645 చుట్టుపక్కల రావాలి. ఫౌండ్రీలో చెక్కుడు లోతు కాస్త అటూ ఇటూ అయినా పనికొచ్చేలా 640, 645, 650 మూడూ పక్కపక్కన పెట్టించాం. వాటి పక్కనే గీతల వెడల్పు క్రమంగా మారే గ్రేటింగ్ ఒకటి, పోల్చుకోవడానికి పాత 630ది ఒకటి. చిప్పులు చేతికొచ్చాక మొదట కొలిచేది ఈ అయిదు లూపులే, అరేతో, జిగురు లేకుండా, ఏసీ 27లో.